జలఉష పెట్టె: అక్రిలిక్ గీతలు తీసే పని, ఎప్పటికప్పుడు రాసుకున్నది

శనివారం సాయంత్రం

పెట్టె ఇంటికి చేరింది. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 45. పలకల మందం 4 మిల్లీమీటర్లు. అడుగు లేదు. అయిదు పలకలు అంటించిన మూత ఇది, టేకు పీట మీద బోర్లించి ఉంచుతారు. దాని కింద ఉండాల్సింది మా మావయ్య చేసిన జలఉష నమూనా.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. జలఉష మన విశాఖపట్నంలో కట్టిన ఓడ, ఎనిమిది వేల టన్నులది. 1948 మార్చి 14న నెహ్రూ దాన్ని నీళ్ళలోకి దింపారు. స్వతంత్రం వచ్చాక దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ అదే. అప్పటికది సింధియా అనే ఓడల కంపెనీ వాళ్ళ యార్డు, 1952లో హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. మావయ్య అందులో ఫిట్టర్‌గా చేరింది చాలా ఏళ్ళ తర్వాత. రిటైరయ్యాక పాత ఫోటోలు ముందు పెట్టుకుని, టేకు, ఇత్తడి తీగ, రాగి రేకుతో ఈ నమూనా చేశాడు. డెరిక్కుల (ఓడ మీద సరుకెత్తే కొయ్యల) తాళ్ళతో సహా ఉంది. ఇప్పుడది ఆయన చదువుకున్న హైస్కూలు లైబ్రరీకి వెళ్తోంది. హెడ్మాస్టరు గారు అల్మరా ఖాళీ చేయించి ఉంచారు.

పెట్టె మాత్రం అలా పంపేలా లేదు. నాలుగు అడుగుల దూరంలో నిలబడితే లోపల ఓడ ఉందని తెలుస్తుంది, తాళ్ళు కనబడవు. వెలుతురుకి తిప్పి ఏమేం ఉన్నాయో రాసుకున్నాను. పలకలన్నిటి మీదా పొడిగుడ్డతో తుడిచిన సన్న గీతలు, గుండ్రంగా, లెక్కలేనన్ని. ముందు పలక మీద గోరు తగులుకునేంత లోతు గీతలు కొన్ని, ఎప్పుడో ఇల్లు మారినప్పుడు దేనికో రాసుకున్నవి. పైపలక మీద పాత టేపు జిగురు. మొత్తం మీద పచ్చటి పొర. ఎడమ చివరి పలకలో, అతుకు దగ్గర, వేరే రకం మచ్చ: పెట్టెని కొంచెం తిప్పితే తళుక్కున మెరిసే సన్న చీలికలు. ఈ చివరిది గీత కాదు. దాని సంగతి విడిగా చూడాలి.

"పచ్చబడిపోనాదమ్మా, కొత్తది సేయించేద్దాం," అన్నాడు మావయ్య. ముందు చూద్దామన్నాను.

ఆదివారం పొద్దున

ఇసక కాగితం ముట్టుకునే ముందు ఇది ఏ ప్లాస్టిక్కో తేలాలి. చూడ్డానికి ఒకేలా ఉండేవి మూడున్నాయి: అక్రిలిక్, పాలికార్బొనేట్, పాలిస్టైరిన్. గీతలు తీసే పద్ధతి అక్రిలిక్ మీద నడిచినంత బాగా మిగతా రెండింటి మీద నడవదు. పాలికార్బొనేట్ మెత్తన, దాన్ని రుద్ది మళ్ళీ అద్దంలా తేవడం చాలా కష్టం. హెల్మెట్ వైజర్లు ఎక్కువగా అదే, పైన గట్టి పూత కూడా ఉంటుంది. దాన్ని రుద్దితే ఉన్న పూత పోతుంది.

పీట కింద పెట్టె కదలకుండా దూర్చిన అదే ప్లాస్టిక్ ముక్క ఒకటి దొరికింది. దాంట్లోంచి చిన్న తుంపు కోసి, లీటరు నీళ్ళలో వంద గ్రాముల ఉప్పు కలిపి వేశాను. మునిగింది. పాలిస్టైరిన్ అయితే ఆ ఉప్పునీళ్ళలో తేలుతుంది, దాని సాంద్రత 1.05 మాత్రమే. అక్రిలిక్‌ది 1.19. ఇక మిగిలింది పాలికార్బొనేటా అన్న అనుమానం. ముక్కని పట్టకారుతో పట్టి వంచాను. కొంచెం వంగి టప్పున విరిగింది. పాలికార్బొనేట్ అయితే మడత పడేది గానీ విరిగేది కాదు. కాబట్టి అక్రిలిక్కే. మావయ్య మొదట్నించీ పర్‌స్పెక్స్ అనే అంటున్నాడు, అక్రిలిక్‌కి అదొక కంపెనీ పేరు, షిప్‌యార్డులో అందరూ అలాగే అనేవారట.

తర్వాత కడగడం. ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ పెట్టె ఇలా అవడానికి కారణం ఇక్కడే ఉంది. సముద్రం దగ్గరి ఊళ్ళో దుమ్ములో ఉప్పు, ఇసక రెండూ ఉంటాయి. దాని మీద పొడిగుడ్డ పెట్టి తుడిస్తే ఆ గుడ్డే ఇసక కాగితం. అందుకని ముందు గుడ్డ అన్నదే లేకుండా, పెరట్లో పైపుతో పైనుంచి కిందికి నీళ్ళు పారించాను. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసిన గోరువెచ్చటి నీళ్ళతో, ఒట్టి అరచేత్తో రాశాను. చేతికి ఇసక రేణువు తగిలితే తెలుస్తుంది, గుడ్డకి తెలియదు. మళ్ళీ నీళ్ళు. అప్పుడు మైక్రోఫైబర్ గుడ్డ, అదీ తడిగా, అద్దినట్టుగా.

టేపు జిగురుకి తెల్ల కిరసనాయిలు. అక్రిలిక్‌కి కిరసనాయిలుతో ప్రమాదం లేదు, వెంటనే సబ్బునీళ్ళతో కడిగేస్తే చాలు. థిన్నర్, అసిటోన్, పెట్రోలు, స్పిరిట్, శానిటైజర్ ఇవేవీ దగ్గరికి రానివ్వకూడదు. అద్దాలు తుడిచే నీలం ద్రవం కూడా అంతే. అందులో అమ్మోనియా, ఆల్కహాలు లాంటివి ఉంటాయి. అక్రిలిక్ లోపల ఎక్కడైనా బిగువు (లోపలే ఉండిపోయిన ఒత్తిడి) ఉంటే, ఈ ద్రవాలు తగిలిన చోట అది సన్న చీలికలై బయటపడుతుంది. ఎడమ పలకలో కనబడినవి అవే.

కడిగాక పచ్చదనం పోయింది! అక్రిలిక్ ఎండకి బాగా తట్టుకుంటుంది, అంత తేలిగ్గా పచ్చబడదు. అది ఏళ్ళ తరబడి అగరొత్తుల పొగ, వంటింటి నూనె ఆవిరి కట్టిన పొర. బకెట్లో దిగిన నీళ్ళ రంగు చూసి మావయ్య కొత్త పెట్టె మాట ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం

గీతల లెక్క తీసుకునే పద్ధతి ఒకటుంది, ఖర్చు లేనిది. పలక మీద నీళ్ళు చల్లి చూడాలి. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, వక్రీభవన గుణకం, అక్రిలిక్‌ది 1.49, నీళ్ళది 1.33, గాలిది 1. గీత అంటే కాంతి తిన్నగా పోకుండా చెదిరే చోటు. గీతలో గాలి బదులు నీళ్ళు నిండితే ఆ తేడా తగ్గి, చెదరడం తగ్గుతుంది. నీళ్ళు చల్లగానే మాయమైనవి పైపైవి, సన్నకాగితంతో పోతాయి. తడిలో కూడా కనబడేవాటికి ముతక కాగితం కావాలి. ముందు పలకలో తడిలో కనబడినవాటి చుట్టూ, పలక రెండో వైపు నుంచి కాగితం ముక్కలు అతికించి గుర్తు పెట్టాను.

ఇదే పద్ధతి ఇంకో విషయం కూడా చెబుతుంది. తడి పలకలోంచి ఓడ తాళ్ళన్నీ ఎలా కనబడ్డాయో, పని సరిగ్గా చేస్తే ఆరాక కూడా అంతే కనబడతాయి. అక్రిలిక్ ఎక్కడా పాడవలేదు, పాడైంది పైచర్మమే. శుభ్రమైన అక్రిలిక్ పలక తన మీద పడ్డ వెలుతురులో 92 శాతం అవతలికి పంపిస్తుంది. పోయిన ఎనిమిదీ దాదాపుగా రెండు ముఖాల మీదా నాలుగేసి శాతం చొప్పున వెనక్కి తిరిగేదే. లోపల మింగేది దాదాపు ఏమీ లేదు.

వెనక పలక కింది మూల, ఎవరికీ కనబడని చోట, నాలుగు గళ్ళు గీసుకుని ప్రయత్నాలు చేశాను. తెల్ల టూత్‌పేస్టు: పైపై మసక కొంత తగ్గింది, గీతలు కదల్లేదు. కార్ల పాలిషింగ్ కాంపౌండు (మెరుగుపెట్టే ముద్ద) ఒక్కటే: మెరుపొచ్చింది, గీతలు ఇంకా స్పష్టంగా కనబడ్డాయి. 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఇసక కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నం) తర్వాత కాంపౌండు: సన్న గీతలు పోయాయి. 1000, 1500, 2000, తర్వాత కాంపౌండు: గడి గాజులా వచ్చింది. ఇత్తడి సామాను మెరిపించే పాలిష్ కూడా ఇంట్లో ఉంది, చాలామంది దాన్నే వాడమంటారు. దాంట్లో అమ్మోనియా ఉంటుంది కాబట్టి, ఒకవైపు చీలికలు పట్టిన ఈ పెట్టె మీద నేను వాడదలుచుకోలేదు.

శనివారం

ముందు పలక. ఇవాళంతా దీనికే.

గీతని తీసెయ్యడం అంటూ ఏదీ లేదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో, చుట్టూ ఉన్న పలకనంతా అంత లోతుకి దించడమే ఉంది. లోతు మిల్లీమీటరులో పదోవంతు ఉంటే, పలక మొత్తం పదోవంతు తగ్గాలి. నాలుగు మిల్లీమీటర్ల పలకకి అదొక లెక్క కాదు. కానీ గీత ఉన్న చోటే గుంటగా రుద్దితే, గీత పోతుంది, ఆ గుంట భూతద్దంలా పనిచేసి వెనకున్న ఓడ వంకర పోతుంది. ఇళ్ళలో బాగుచేసిన పలకల్లో ఎక్కువగా కనబడే లోపం ఇదే. తళతళలాడుతూ ఉంటాయి, అటుగా నడిస్తే వెనక బొమ్మ వణుకుతుంది.

మొదలు 600 తో పెట్టాను, వీలైనంత సన్న కాగితంతో పని అయిపోతే మంచిది కదా. సన్నవన్నీ పోయాయి, లోతువి పోలేదు. 400 కి దిగాను. ఆ నంబరు కాగితంలో రేణువు సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 1000 లో 18, 2000 లో 10. కాగితాన్ని గట్టి రబ్బరు బ్లాకుకి చుట్టి, నీళ్ళలో చుక్క సబ్బు వేసి, ఎడమ నుంచి కుడికి మాత్రమే, పలక ఈ చివర నుంచి ఆ చివర వరకూ. వేళ్ళతో నొక్కి రుద్దితే వేలు ఉన్న చోట గాడి పడుతుంది, బ్లాకు తప్పనిసరి. పొడిగా రుద్దకూడదు. రాపిడి వేడికి అక్రిలిక్ మెత్తబడి పొడి ముద్దలు కడుతుంది, ఆ ముద్ద కొత్త గీతలు పెడుతుంది.

కాసేపటికి పలక పూర్తిగా తెల్లబడింది. మావయ్య టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మా, అద్దం సేస్తానని సున్నం కొట్టేసినావేటి?"

"ఇంకా తెల్లబడాలి మావయ్యా. లోతు గీతలు రెండు ఇంకా ఉన్నాయి."

కూర్చుని పలకని వెలుతురుకి వాల్చి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి పలక మీద అడ్డంగా నిలువుగా గళ్ళు గీసేశాడు. గరుకు పలక కాబట్టి పెన్సిలు చక్కగా పడింది. "ఇప్పుడు రుద్దు. గీత ఎక్కడ మిగిలిపోనాదో అక్కడ పల్లం ఉన్నట్టు. మట్టం పలకకి మేం నీలం రాసీవోళ్ళం, ఇదీ అదే పని." ఫిట్టర్లు ఇనప ముఖాల్ని చదును చేసేటప్పుడు, మట్టం చూసే బల్లకి నీలం పూసి దాని మీద ముఖాన్ని ఆనించి, రంగు అంటిన ఎత్తుల్ని గీకుతారు. ఇక్కడ పెన్సిలు మిగిలేది పల్లంలో. నాలుగు చేతులు వేసేసరికి పలకంతా పెన్సిలు పోయి, కుడివైపు పై మూలలో అరచేయంత మేర మిగిలింది. నా చెయ్యి అక్కడికి సరిగ్గా అందడం లేదు. పెట్టెని తిప్పి పెట్టుకున్నాను.

ఆ పెన్సిలు చిట్కా ఈ పని మొత్తంలో నాకు దొరికిన గొప్ప విషయం. ప్రతి నంబరు తర్వాతా వాడుతున్నాను.

లోతు గీతల్లో చివరిది పోయేసరికి చీకటి పడింది. మధ్యలో చాలాసార్లు చాల్లే అనిపించింది. గీత చాలా సన్నగా మిగిలింది, తర్వాతి కాగితాలు తినేస్తాయిలే అనిపిస్తుంది. తినవు. 400 వదిలేసినదాన్ని 600 చాలా శ్రమ పడి తీస్తుంది, 1000 అసలు తియ్యలేదు, కాంపౌండు మెరిపించి చూపిస్తుంది. అక్రిలిక్ చూపు బాగుపడేది ఇక్కడే, ఈ తెల్లటి ముతక దశలోనే. ఆఖర్న చేసే పాలిష్ ఆ పనిని పైకి కనబడేలా చేస్తుంది, అంతే. పాలిష్ సీసా కొనుక్కుని ఒక పూట రుద్ది నిరాశపడే ప్రతివాళ్ళకీ ఈ మాట చెప్పాలని ఉంది.

ఆదివారం

600, 800, 1000, 1500, 2000. ఒక్కో కాగితం పని ఒక్కటే: ముందు కాగితం పెట్టిన గీతల్ని చెరపడం. అందుకే దిశ మార్చాను. 400 అడ్డంగా, 600 నిలువుగా, 800 అడ్డంగా. అడ్డం గీత ఒక్కటైనా కనబడుతుంటే నిలువు పని ఇంకా ఉన్నట్టు. గుండ్రంగా రుద్దితే ఏ గీత ఎవరిదో తెలియదు.

కాగితం మారినప్పుడల్లా బకెట్లో నీళ్ళు పారబోసి, బ్లాకు, చేతులు, పలక కడుక్కున్నాను. 400 రేణువు ఒక్కటి 1500 కింద దొరికితే ఆ గీత తీయడానికి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. గోళ్ళ సందులు కూడా బ్రష్‌తో కడుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

చూడ్డానికి గది దీపం చాలదు. పలకని పూర్తిగా ఆరబెట్టి, ఫోను టార్చిని దాదాపు పలకకి ఆనించి పక్కనించి వెయ్యాలి. తడిగా ఉంటే అన్నీ బాగున్నట్టే కనబడతాయి, మొదట చెప్పిన నీళ్ళ సంగతే అది. ప్రతి దశలోనూ ఆరబెట్టడం వల్లే సగం సమయం పట్టింది, అది వృథా కాదు.

1000 దాటాక పలక రూపం మారడం మొదలైంది. తెల్లదనం బూడిద రంగుకి, 2000 దగ్గర పాలు కలిపిన నీళ్ళ రంగుకి. గళ్ళ నోట్‌బుక్ పేజీ వెనక పెట్టి చూశాను. పేజీకి దగ్గరగా ఆనిస్తే గళ్ళు కనబడుతున్నాయి, వేలెడు దూరం జరిపితే పోతున్నాయి. గళ్ళు ఎక్కడా వంకర లేవు. అదే ముఖ్యం.

మావయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తున్నాడు. ఆయనకి కుడి కన్ను శుక్లం ఆపరేషన్ చాలా ఏళ్ళ క్రితం అయింది, అప్పట్లో పెట్టిన గట్టి లెన్సు. అది కూడా ఇదే ప్లాస్టిక్కని చెప్పాను. ఆ కథ ఆయనకి నచ్చింది. 1940లో హరికేన్ యుద్ధవిమానం నడిపే గోర్డన్ క్లీవర్ అనే ఆంగ్ల పైలట్ కళ్ళలో, తూటాలకి పగిలిన కానోపీ, అంటే పైలట్ తల మీది పారదర్శక మూత, ముక్కలు దిగబడ్డాయి. ఆ మూత పర్‌స్పెక్స్. అతనికి చికిత్స చేసిన హెరాల్డ్ రిడ్లే అనే కంటి డాక్టరు, ఏళ్ళు గడిచినా ఆ ముక్కల చుట్టూ కన్ను వాయకపోవడం, ఎర్రబడకపోవడం గమనించాడు. 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో, శుక్లం తీసిన కంట్లో అదే పదార్థంతో చేసిన లెన్సు పెట్టాడు. ప్రపంచంలో అదే మొదటిది. మన దేశంలో ఆ లెన్సు మామూలు మనిషికి అందుబాటులోకి రావడానికి మధురైలో 1992లో మొదలైన అరోలాబ్ అనే లెన్సుల తయారీ సంస్థ పెద్ద కారణం.

"అయితే పర్‌స్పెక్స్ లోంచే పర్‌స్పెక్స్ని సూస్తన్నానన్నమాట," అని ఎడమ కన్ను మూసుకుని పలకంతా మళ్ళీ ఒకసారి చూశాడు. కింది అంచున అడ్డం గీత ఒకటి చూపించాడు. నిజంగానే ఉంది, 800 నాటిది. దానికోసం ఆ పలక మీద 1000 నుంచి మళ్ళీ చేశాను.

వారం మధ్యలో, రాత్రి

పాలిష్. 3000 నంబరు ఫోమ్ ప్యాడ్‌తో తడిగా ఒకసారి, తర్వాత ప్లాస్టిక్‌కని అమ్మే నీళ్ళ ఆధారిత కాంపౌండు. డ్రిల్లుకి మెత్తటి స్పాంజి ప్యాడ్ బిగించాను, వేగం బాగా తగ్గించి పెట్టుకున్నాను. అక్రిలిక్ సుమారు 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ప్యాడ్ ఒకే చోట నిలిస్తే అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు, మచ్చ పడితే మళ్ళీ 600 దగ్గరికి వెళ్ళాలి. అందుకని ప్యాడ్ ఎప్పుడూ కదులుతూ ఉండాలి, రెండో అరచెయ్యి తరచూ పలక మీద ఆనించి చూసుకోవాలి. చేతికి వెచ్చగా తగిలితే ఆపాలి. అంచుల దగ్గర, మూలల దగ్గర డ్రిల్లు వద్దు, చేత్తోనే.

రెండో పూతకి పలక తేటపడింది. గళ్ళ పేజీని పలక నుంచి రెండడుగుల దూరంలో గోడకి అతికించి చూశాను. అన్ని గీతలూ తిన్నగా ఉన్నాయి. పక్కకి నడిచి చూశాను, వణకలేదు.

చివరగా పాత నూలు బనీను గుడ్డ, బాగా ఉతికి మెత్తబడింది, దాంతో చేత్తో పొడి పాలిష్. ఇక్కడ ఒక చిక్కుంది. అక్రిలిక్‌ని పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి గదిలోని నూగంతా వచ్చి అంటుకుంటుంది. దాన్ని మళ్ళీ రుద్దితే ఇంకా వస్తుంది. తడి మైక్రోఫైబర్‌తో ఒకసారి అద్దితే ఆ విద్యుత్తు పోతుంది, నూగు నీళ్ళతో వచ్చేస్తుంది.

శనివారం

కుడి చివరి పలక, పైపలక అయ్యాయి. వీటిలో లోతువి లేవు కాబట్టి 1000 నుంచే మొదలుపెట్టాను. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, పని తెలిసిపోయింది.

లోపలి ముఖాలు వేరు కథ. పెట్టెలో చెయ్యి పెట్టి, మోచెయ్యి అంచుకి తగలకుండా, బ్లాకు చదునుగా ఉంచడం చాలా కష్టం. మూలల్లో బ్లాకు అతుకుకి తగిలి గాడి పెడుతుంది. లోపల తుడిచింది తక్కువ కాబట్టి గీతలూ తక్కువే. 2000, 3000, కాంపౌండు, అంతా చేత్తో. టార్చి పెడితే ఇంకా కొన్ని వెంట్రుక గీతలు కనబడుతున్నాయి. కిటికీ వెలుతురులో కనబడవు. వాటిని వదిలేశాను. లోపల ముతక కాగితం పెట్టి చదును చెడగొట్టడం కంటే అదే మేలు. లైబ్రరీలో పిల్లలు టార్చి పట్టుకుని చూడరు, ఓడని చూస్తారు.

ఇక ఎడమ పలక. సన్న చీలికలు ఉపరితలం మీద గీతల్లా ఉండవు, లోపలికి దిగి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో కోణంలో. అందుకే కాంతి తగిలినప్పుడు మెరుస్తాయి. అంచు దగ్గర నుంచి చూస్తే మందంలో మూడోవంతు దాకా దిగినవి ఉన్నాయి. రుద్దితే ఇవి పోవు, పైగా తెరుచుకుని కాంపౌండు నింపుకుని తెల్లగా కనబడతాయి. పాలిష్ వల్ల పోయేవి కావని ఒప్పుకోవాల్సిన చోటు ఇది. ఈ ఒక్క పలకా మార్చాలి.

పాతదాన్ని అతుకు వెంబడి సన్నపళ్ళ రంపంతో మావయ్యే కోశాడు. రిటైరైన ఫిట్టరు చేతిలో రంపం చూడాలి. తోయడం ఒక్కటే, లాగేటప్పుడు బరువుండదు. మిగిలిన అంచుల్ని బ్లాకుతో చదును చేశాం.

తర్వాతి వారం

నేమ్‌బోర్డులు చేసే దుకాణంలో అక్రిలిక్ రెండు రకాలు ఉంటుంది. అచ్చు పోసిన షీటు, యంత్రంలోంచి సాగదీసిన షీటు. సాగదీసింది చవక, కానీ వేడికి తొందరగా మెత్తబడుతుంది, రుద్దినప్పుడు జిగురుగా ముద్దకడుతుంది, లోపల బిగువు ఎక్కువ. అచ్చు పోసిన 4 మిల్లీమీటర్లది అడిగి తీసుకున్నాను.

లేజరుతో కోస్తామన్నారు. అంచు గాజులా వస్తుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ లేజరు వేడికి అంచు కరిగి గట్టిపడేటప్పుడు బిగువు దిగబడుతుంది. అతికించే ద్రావకం తగలగానే అదే చీలికలవుతుంది. ఎడమ పలక కథ మళ్ళీ మొదలవుతుంది. లేజరుతో కోయించినవాళ్ళు ముక్కని 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, మెల్లగా చల్లారనిచ్చి, ఆ బిగువు తీసెయ్యాలి. అంత పెద్ద ఓవెను నాకు లేదు. రంపంతో కోయించుకుని, అంచుని గీకుడు బ్లేడుతో చదును చేసి, 400, 600 పెట్టాం. అంచుకి అంతకు మించి మెరుపు అవసరం లేదు. అతుకుకి మెరుపు లేని అంచే మంచిది, అందులోకి ద్రావకం సమంగా పాకుతుంది.

మన దగ్గర అక్రిలిక్ అతికించడానికి దుకాణాల్లో వాడేది ఎక్కువగా క్లోరోఫాం. దుకాణదారే వచ్చి అతికించాడు. సిరంజితో అతుకు వెంబడి నడిపిస్తే, సందులోకి దానంతట అదే పాకి రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. జిగురు పొర అంటూ ఉండదు. తలుపులు, కిటికీలు తీసి, ఫ్యాను బయటికి తిప్పి చేశాం. ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో ఇది అసలు చేయకూడదు. పాలిష్ చేసిన ముఖాల మీద చుక్క పడకుండా రెండు వైపులా కాగితం టేపు వేసి ఉంచాం. రాత్రంతా కదపలేదు.

ఆదివారం

ఓడని పీట మీద పెట్టి మూత బోర్లించాం. డెరిక్కుల తాళ్ళు కనబడుతున్నాయి, ముందు డెక్కు మీద మావయ్య రాగి రేకుతో చేసిన లంగరు గొలుసు కనబడుతోంది. కొత్త ఎడమ పలకకీ, బాగుచేసిన ముందు పలకకీ తేడా వెతికాను. కొత్తది పక్కనించి చూస్తే రవ్వంత తేట ఎక్కువ, ఎదురుగా చూస్తే లేదు. మావయ్య తన కుడి కంటితో చూసి, ముందు పలకే బాగుందన్నాడు. ఆయన గీసిన పెన్సిలు గళ్ళున్న పలక కదా.

పీట అడుగున ఒక కాగితం అతికించాను, లైబ్రరీ చూసుకునేవాళ్ళ కోసం. దుమ్ము పడితే ముందు తడిగుడ్డ అద్దండి, పొడిగుడ్డ వద్దు. స్పిరిట్, శానిటైజర్, అద్దాల ద్రవం వద్దు. సబ్బునీళ్ళు చాలు. పెట్టె పక్కన అగరొత్తి వెలిగించకండి. సన్న గీతలు మళ్ళీ పడితే 2000 నంబరు వాటర్ పేపర్, తర్వాత కాంపౌండు, మొత్తం పలకకి. గీత ఉన్న చోట మాత్రమే రుద్దకండి.

వెనక పలకని కడిగి వదిలేశాను. అల్మరాలో అది గోడ వైపు ఉంటుంది, వెనక తెల్ల కార్డు పెడతామని హెడ్మాస్టరు గారు చెప్పారు. ప్రయత్నాలు చేసిన మూల మాత్రం అలాగే ఉంది: టూత్‌పేస్టు గడి, ఒట్టి కాంపౌండు గడి, 2000 గడి, మొత్తం వరస చేసిన గడి, పక్కపక్కనే. తెల్ల కార్డు పెట్టేటప్పుడు ఆ మూల కప్పకుండా వదలమని, ఏ గడిలో ఏం చేశామో పక్కన చీటీ పెట్టమని అడిగాను. పిల్లలకి కాంతి పాఠం చెప్పేటప్పుడు చూపిస్తానన్నారు భౌతికశాస్త్రం మాస్టారు.